స్వనామధన్యుడు ఫ్రెడరికు డగ్లసు

యద్భావం తద్భవతి యను మాటను మన దేశమున అక్షరము రానివారు సైతము పలుకుచుందురు. ఆ పాతమాటకే క్రొత్తబట్టలు గట్టి, గట్టిగ సంకల్పించినచో సిరిసంపదలు తమంత వచ్చి వాకిట నిలుచుననియు, నేను గొప్పవాడనని రేయింబవళ్లు తలచుకొన్నవాడు గొప్పవాడే యగుననియు బోధించు గ్రంథము లిప్పుడు అంగళ్లలో కొల్లలుగ నమ్ముడుపోవుచున్నవి. ఈ బోధలో పాలెంత, నీళ్లెంత యని తేల్చుకొనుటకు తర్కముకంటె నొక మనుష్యుని జీవితము మేలైన ఒరగల్లు. అందులకై మేము రాజకుమారునిగాని, పండితవంశమున బుట్టినవానినిగాని యెన్నుకొనుట లేదు. పుట్టిన దినము తెలియనివాడు, తండ్రి యెవరో నిశ్చయముగ నెరుగనివాడు, చట్టము దృష్టిలో గుఱ్ఱములతోను గొఱ్ఱెలతోను గలిపి వెలకట్టబడినవాడు, అట్టివాడు తాను మనుష్యుడనని నమ్మినప్పుడు ఏమి జరిగెనో చూతము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు తూర్పుతీరమున టాల్బటు జిల్లాయందు, 1818వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, హారియెటు బైలీ యను నల్లజాతి బానిసస్త్రీకి ఒక మగశిశువు కలిగెను. ఆ బిడ్డకు ఫ్రెడరికు ఆగస్టసు వాషింగ్టను బైలీ యని పేరు. తండ్రి తెల్లవాడు, యజమానుడే తండ్రి యని చుట్టుపట్ల చెప్పుకొనెడివారు. బిడ్డకు తల్లిస్థితియే కలుగునని అచ్చటి చట్టము. అనగా యజమాని తనవలన బుట్టిన బిడ్డను సైతము సంతలో నమ్ముకొనవచ్చును, అమ్ముకొనుచునేయుండిరి. తల్లిని పండ్రెండు మైళ్ల దూరమున వేరొక పొలములో పనికి బెట్టిరి. ఆమె పగలెల్ల చేనిలో పాటుపడి, చీకటిబడిన పిమ్మట నడిచివచ్చి, బిడ్డను ప్రక్కలో బెట్టుకొని నిద్రబుచ్చి, తెల్లవారకమునుపే మరల నడిచిపోయెడిది. అట్లు ఆ బిడ్డడు తల్లిని చూచినది తన జన్మమున నాలుగైదు మారులు మాత్రమే. ఏడేండ్ల ప్రాయమున నుండగా ఆమె గతించినది. ఆమెకు చదువు వచ్చునని చాలకాలమునకు విని, తన విద్యాప్రీతి తెల్లతండ్రి నుండికాక నల్లతల్లి నుండి సంక్రమించినదని డగ్లసు గర్వముతో జెప్పుకొనెను.

అమ్మమ్మ గుడిసెలో పెరిగిన పిల్లవానిని ఆరవయేట ఎడ్వర్డు లాయిడు అను మహాభూస్వామి క్షేత్రమునకు దెచ్చిరి. అక్కడ బానిసపిల్లలకు పందులకు బోసినట్లు తొట్టిలో జావ పోసెడివారు. చేరి యెవరు ముందు మ్రింగిన వారిదే తిండి. చలికాలమున ఆ బాలుడొక గోనెసంచి దొంగిలించి అందులో తలదూర్చి నేలపై పండుకొనెడివాడు. ఈ స్థితిలోనుండి 1826వ సంవత్సరమున ఆతనిని బాల్టిమోరు నగరమునకు, హ్యూ ఆల్డు అనువాని యింటికి, వారి పసివానిని కనిపెట్టుకొనియుండుటకై పంపిరి. ఈ ప్రయాణమే లేకున్నచో తానెన్నడును బయటపడియుండనని ఆతడే యొప్పుకొనెను. సంకల్పబలమును గూర్చి మాటలాడువారు ఈ యొప్పుకోలును మరువరాదు. అదృష్టమనునది లేదనుట అబద్ధము. అది వాకిట నిలిచినప్పుడు గుర్తించి పట్టుకొనుట వేరొక పని.

ఆల్డు భార్య సోఫియా అంతకు మునుపు బానిసలను పాలించి యెరుగదు. ఇంటికి వచ్చిన పిల్లవానిని పిల్లవానివలెనే చూచి ఆంగ్ల అక్షరములు నేర్పదొడగినది. మగడది చూచి వారించెను. చదువు వచ్చిన బానిస బానిసగ నుండుటకు పనికిరాడనియు, ఆతనికి మనస్సు చెడుననియు, పారిపోవుటకు దారి వెదకుననియు బాలుని యెదుటనే భార్యకు బోధించెను. ఎనిమిదేండ్ల బాలుడు విని యూరకుండెను. కాని ఆ క్షణమున ఆతనికొక సత్యము తోచెను. ఏది తనకు మిక్కిలి హాని యని యజమాని భయపడుచున్నాడో, అదియే తనకు మిక్కిలి మేలు. ఆల్డు తన భార్యకు జేసిన యుపన్యాసము బానిసకు మంత్రోపదేశమైనది.

అప్పటినుండి సోఫియా మారిపోయి, పిల్లవానిచేతిలో వార్తాపత్రిక కనబడినను గుంజుకొనసాగినది. బాలుడు వీథి బడిని వెదకుకొనెను. ఇంటిలో తనకు రొట్టెకు కొదవలేదు. పొరుగున పేద తెల్లపిల్లలకు రొట్టె కొదవ, చదువు కొదవలేదు. జేబులో రొట్టెముక్క పెట్టుకొని పోయి ఒక్కొక్క మాటకు ఒక్కొక్క తునుక యిచ్చి చదువు కొనుక్కొనెను. ఓడలు కట్టుచోట వడ్రంగులు పలకలపై అది యే ప్రక్కకు చెందునో తెలియుటకు గుర్తుగ వ్రాసెడి యక్షరములను జూచి వ్రాత నేర్చెను. నాలుగక్షరములు రాగానే, తన కంటె బాగుగ వ్రాయగలవాడు లేడని తెల్లపిల్లలతో పందెము వేసి, వారు గెలుచుటకై వ్రాసిచూపిన క్రొత్త యక్షరములను గ్రహించెడివాడు. గోడలు, కాలిబాటలు ఆతనికి పలక, సుద్దగడ్డ బలపము. పండ్రెండేండ్ల ప్రాయమున బూట్లు తుడిచి కూడబెట్టిన యేబది సెంట్లతో కొలంబియను ఆరేటరు అను ఉపన్యాస సంగ్రహమును కొనెను. అందొక యజమానికిని వాని బానిసకును జరిగిన సంవాదము గలదు. బానిస యుక్తులకు యజమాని నిరుత్తరుడై విడుదలచేయును. ఆ పుస్తకము చదివినపిమ్మట బాలునకు సుఖము పోయినది. తన స్థితి తనకు తెలియుటయే గాని దానినుండి వెలువడు మార్గము తెలియలేదు. అజ్ఞానులైన తోటిబానిసలను జూచి అసూయపడిన దినములు సైతము కలవని వ్రాసికొనెను. తన్నుతాను నమ్ముకొనుట మొదట సౌఖ్యము నిచ్చునని యెవరైన జెప్పినచో, వారు దానిని నమ్మి చూడలేదన్నమాట.

1833వ సంవత్సరమున కుటుంబ కలహములవలన ఆతడు మరల పల్లెకు, థామసు ఆల్డు అను వేరొక యజమానికడకు పోవలసివచ్చెను. చదువుకొన్న బానిసకు పొగరని తలచి ఆల్డు 1834 జనవరిలో ఆతనిని ఎడ్వర్డు కోవీ యను కౌలురైతుకు ఏడాదికి అప్పగించెను. పొగరుబోతు బానిసలను లొంగదీయుటలో కోవీకి పేరు. కోడెలను కాడికి మరిపినట్లు మనుష్యులను మరపుట వాని వృత్తి. మొదటి ఆరుమాసములలో వారమున కొకమారైన దెబ్బలు తప్పలేదు. పదునారేండ్ల యువకుడు నిజముగనే విరిగిపోయెను. చదువు మీద కోరిక పోయెను. కన్నులలో వెలుగు పోయెను. ఆదివారములందు చెట్టుక్రింద మత్తుగొన్నవానివలె పడియుండెడివాడు. ఈ ఘట్టమును డగ్లసు దాచలేదు. నమ్మకము పుట్టుకతో వచ్చి తుదివరకు వెలుగు అఖండదీపము కాదు. అది ఆరిపోవును, మరల వెలిగించుకొనవలయును.

ఆగస్టు మాసమున ఒకనాడు గోధుమలు తూర్పారబట్టుచు ఎండదెబ్బకు సొమ్మసిల్లి పడగా కోవీ తన్ని, కఱ్ఱతో తల పగులగొట్టెను. నెత్తురోడుచు యువకుడు ఏడుమైళ్లు అడవిదారిని నడచి థామసు ఆల్డుతో మొఱపెట్టుకొనెను. ఆతడు మరల కోవీ యొద్దకే పొమ్మనెను. తిరిగి వచ్చుచు అడవిలో దాగియున్న రాత్రి శాండీ జెంకిన్సు అను తోటిబానిస కనబడి, తన గుడిసెకు గొనిపోయి తిండిపెట్టి, ఒక చెట్టువేరు నిచ్చెను. దానిని కుడివైపున ధరించినవానిని ఏ తెల్లవాడును కొట్టలేడని శాండీ విశ్వాసము. మన తాయెత్తువంటిదే. యువకునకు నమ్మిక కలుగలేదు. కాని యన్నము పెట్టినవాని మాట త్రోయలేక వేరును జేబులో వేసికొనెను. మరునాడు ఆదివారము. చర్చికి పోవుచున్న కోవీ యెదురై యెన్నడును లేని మృదుత్వముతో మాటలాడెను. వేరులో మహిమ యున్నదేమో యని ఆతని కప్పుడు శంక కలిగినది!

సోమవారము ఉదయమున ఆ శంక తీరినది. కొట్టములో పనిచేయుచుండగా కోవీ త్రాడుతో వచ్చి కాళ్లు పట్టి పడద్రోసెను. అప్పుడు ఎక్కడనుండి వచ్చెనో ఆ తెగువ, యువకుడు లేచి కోవీ గొంతు పట్టెను. తాను కొట్టలేదు, కొట్టనీయలేదు. సాయమునకు వచ్చిన బంధువును ఒక్క తన్నుతో దూరముగ నెట్టెను. సాయము చేయుమని కోవీ తోటిబానిసలను పిలిచినను వారు చేయి గలుపలేదు. దాదాపు రెండు గంటలు పెనగులాడి కోవీ రొప్పుచు విడిచిపెట్టి, తానే గెలిచినట్లు రెండు మాటలు చెప్పి పోయెను. తరువాత ఆ యేడాదిలో మిగిలిన నెలలందు ఆతనిపై చేయి వేయలేదు. తెల్లవానిపై చేయియెత్తిన బానిసకు మేరీలాండు చట్టమున కఠినశిక్ష గలదు. అయినను కోవీ అధికారులకు చెప్పలేదు. పదునారేండ్ల కుఱ్ఱవాడు తన్నెదిరించినాడని లోకమునకు తెలిసినచో, లొంగదీయువాడను ఖ్యాతితోపాటు బ్రతుకుతెరువు కూడ పోవును.

వేరు జేబులోనే యున్నది. శాండీ ఆ మహిమ వేరుదే యనెను. ఆతనిని మేము పరిహసింపము. ఆ రాత్రి తిండిపెట్టి పండుకొన చోటిచ్చిన సాహసము చిన్నది కాదు. కాని డగ్లసు లెక్క వేరు. ఇకమీద శరీరము బానిసగ నెన్నాళ్లున్నను తాను బానిసను కానని ఆతడా దినముననే తీర్మానించుకొనెను. తీర్మానించుకొని పిమ్మట పోరాడలేదు. పోరాడి పిమ్మట తీర్మానించుకొనెను. ఈ క్రమము గమనింపదగినది. తలపు ముందా, చేత ముందా యని మనవారు వాదింతురు. కొట్టములో ఆ యుదయమున రెండింటికిని నడుమ రెండు గంటల యెడముకూడ లేదు.

తరువాతి యజమాని కొంత మంచివాడు. అక్కడ ఆదివారములందు రహస్యముగ నలుబదిమంది బానిసలకు చదువు నేర్పెను. 1836లో కొందరితో గూడి పారిపోవ యత్నించి, ఎవరో బయలుపెట్టగా ఈస్టను పట్టణపు చెరసాలకు పోయెను. దక్షిణమునకు అమ్మివేయకుండ థామసు ఆల్డు మరల బాల్టిమోరుకే పంపెను. అక్కడ ఓడపలకల సందులలో నార కూరి కీలు పూయు పని నేర్చి వారమునకు ఆరునుండి తొమ్మిది డాలరుల వరకు గడించెను. ఆ సొమ్మంతయు శనివారము రాత్రి హ్యూ ఆల్డు చేతిలో పెట్టవలెను. ఆతడు లెక్కించుకొని యొక్కొక్కప్పుడు కొద్ది సెంట్లు బహుమానముగ నిచ్చెడివాడు. ఆ బహుమానమే డగ్లసుకు మిక్కిలి యవమానముగ దోచెను. న్యాయముగ అంతయు తనదేయని ఎరిగినవాడు గాని అట్లీయడు గదా.

ఈ కాలముననే ఆనా మర్రీ యను స్త్రీతో పరిచయమయ్యెను. ఆమె స్వతంత్ర, ఇండ్లలో పనిచేసి కూడబెట్టుకొన్న పొదుపు గలది. పారిపోవుటకు కావలసిన ధనము ఆమె యిచ్చెను. అందుకై తన యీకలపరుపు నొకటి యమ్మినదని వారి కుమార్తె వ్రాసినది. 1838 సెప్టెంబరు 3వ తేదీన ఫ్రెడరికు నావికుని ఎఱ్ఱచొక్కా, తారుటోపీ ధరించి, కదలుచున్న రైలుబండి నెక్కెను. చేతిలో స్నేహితుడగు నొక స్వతంత్ర నావికుని రక్షణపత్రము. దానిపై అమెరికా గరుడముద్ర గలదు. క్రింద వ్రాసిన రూపురేఖలు మాత్రము తనవి కావు. బండి యధికారి గరుడుని చూచి తృప్తిపడెను. రెండు పంక్తులు చదివియున్నచో కథ ముగిసియుండును. దారిలో తన్నెరిగిన జర్మను కమ్మరి యొకడు ఆతని ముఖము వంక నిదానించి చూచెను, గుర్తుపట్టెనని డగ్లసు అభిప్రాయము, పెదవి కదపలేదు. ఇరువదినాలుగు గంటలు గడువకముందే న్యూయార్కు చేరెను. డేవిడు రగ్గిల్సు అను నల్లజాతి పెద్దమనిషి ఇంట దాచుకొనెను. ఆనా వచ్చినది, సెప్టెంబరు 15న వివాహమైనది, దంపతులు న్యూబెడ్‌ఫర్డు రేవుపట్టణము చేరిరి.

ఇక పేరు సంగతి. పాతపేరుతో నున్నచో పట్టువడుట సులభము. న్యూయార్కులో జాన్సను అని మార్చుకొనెను. న్యూబెడ్‌ఫర్డులో చూడగా ఎవరిని పిలిచినను జాన్సనే! ఆశ్రయమిచ్చిన నేథను జాన్సను కూడ అదే పేరువాడు. వేరొక పేరు చెప్పుమని ఫ్రెడరికు ఆయననే యడిగెను. అయితే మొదటిపేరును మాత్రము తీయరాదని షరతు పెట్టెను. తాను ఫలానివాడనను ఎరుక తెగిపోకుండ ఆ యొక్క దారము మిగిలియుండవలెనని ఆతని కోరిక. నేథను అప్పుడు వాల్టరు స్కాటు రచించిన లేడీ ఆఫ్ ది లేక్ అను కావ్యము చదువుచుండి, అందలి వీరుని పేరు డగ్లసు అని సూచించెను. ఫ్రెడరికు అంగీకరించి, తుదియక్షరము నింకొకమారు చేర్చి వ్రాసికొనెను. యజమానుల లెక్కలలోని బైలీ పోయి డగ్లసు వచ్చెను. ఒక పరాయివాడు చదువుచున్న పుస్తకము నుండి యీ పేరు లభించుట చూడుడు. తన్ను తాను నిర్మించుకొన్నవానికి సైతము రాయి యందించిన చేతులుండును.

పేరులో నేమున్నదని తేలికగా ననువారు, ఎన్నడును పేరు కోల్పోవనివారు. మన పల్లెలలో పాలేరును ఎట్లు పిలిచెడివారో ఈ పత్రిక చదువు రైతుసోదరులకు మేము చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు రామయ్య యని పెట్టిన పేరు కామందు వాకిట రామిగాడగును. పాలేరు తల నెరిసినను పదేండ్ల చిన్నదొర ఒరే యని పిలుచును. ఆతడు అయ్యా యని పలుకవలెను. 1976వ సంవత్సరమున వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము వచ్చినది. ఆ గాడు అను ప్రత్యయమును ఏ చట్టమును రద్దు చేయలేదు. దానిని పెట్టిన నాలుకలే తీయవలెను.

న్యూబెడ్‌ఫర్డులో మొదటి పని బొగ్గు మోసి కొట్టులో వేయుట. ఇంటి యజమానురాలు రెండు అర్ధడాలరు నాణెములు చేతిలో పెట్టినది. వానిని గుంజుకొనువాడు లేడని తెలిసిన ఆ నిమిషమును ఆతడు వృద్ధాప్యమున సైతము మరువలేదు. తనకు వచ్చిన ఓడపని మాత్రము ఆ స్వతంత్రభూమిలోను దొరకలేదు; నల్లవాడు పనిలోనికి వచ్చినచో తాము పోదుమని తెల్లపనివారు బెదరించిరి. మూడేండ్లు కట్టెలు కోసి, బొగ్గులెత్తి, ఓడలకు సరకులు మోసి బ్రతికెను. 1841 ఆగస్టులో నాంటకెటు ద్వీపమున బానిసత్వ వ్యతిరేకుల సభలో ఎవరో లేపగా వణకుచు నిలిచి నాలుగు మాటలు మాటలాడెను. ఆ సభలో విలియం లాయిడు గారిసను అను ప్రసిద్ధ సంపాదకుడు కలడు. ఆ దినముతో బొగ్గుపని ముగిసినది.

ఇచ్చట క్రొత్త చిక్కు మొదలైనది. శత్రువులు ఆతనిని వస్తువనిరి. మిత్రులు ఆతనిని సాక్ష్యమనిరి. నీవు జరిగినది చెప్పుము, సిద్ధాంతము మేము చూచుకొందుమనిరి. భాష మరీ శుద్ధముగ నున్నది, కొంచెము బానిసయాస కలుపుమని బోధించినవారును కలరు. వారందరు మంచివారే, జైళ్లకును రాళ్లదెబ్బలకును ఓర్చినవారు. అయినను వీపుమీది మచ్చలు చూపు మనుష్యుడే వారికి కావలెను గాని ఆలోచించు మనుష్యుడు కాదు. ఇంత చక్కగ మాటలాడువాడు బానిసగ నుండెననుట కల్ల యని వినువారిలో సందేహము పుట్టెను. దానికి సమాధానముగ 1845వ సంవత్సరమున ఆత్మకథ ప్రకటించి, ఊళ్లు, యజమానులు, కోవీ, అందరి నిజనామములను వ్రాసెను. నాలుగు నెలలలో 5,000 ప్రతులు చెల్లినవి. కాని తానెవడో ఋజువుచేసికొనుటచేతనే పట్టువడు ప్రమాదము వచ్చిపడెను. బానిసనని నిరూపించుకొన్నవాడు బానిసగ పట్టువడుటకు అర్హుడు. ఐర్లండునకును ఇంగ్లండునకును పోయి రెండేండ్లకు దాపుగ తిరిగి ఉపన్యసించెను. డబ్లినులో ఐరిషు దేశభక్తుడు డేనియలు ఓకానెలు మాటలు విని పులకించెను. తుదకు అచ్చటి మిత్రులు చందాలు పోగుచేసి ఆల్డులకు 150 పవునులు చెల్లించి 1846 డిసెంబరులో విడుదల పత్రము వ్రాయించిరి. మనుష్యునికి వెలకట్టుట దోషమని అమెరికాలో కొందరు మిత్రులు తప్పుపట్టిరి. సిద్ధాంతము వారిదే సరికావచ్చును. వారిలో నొకనినైనను బేడీలు వేసి దక్షిణమునకు గొనిపోవువారు లేరనుట మాత్రము మరువరాదు.

తిరిగి వచ్చి 1847 డిసెంబరు 3న రాచెస్టరు పట్టణమున నార్తు స్టారు అను వారపత్రికను స్థాపించెను. బ్రిటిషు మిత్రులు రెండువేల డాలరులకు పైగ నిచ్చిరి. గారిసనుకు ఇష్టము లేదు; ఉన్న పత్రికలు చాలుననియు, నీకు ఉపన్యాసమే తగుననియు జెప్పెను. డగ్లసు వినలేదు. కట్టెలు కోసినవాడు సంపాదకుడగుట యెట్లని తనకే సంశయముండెను. ఆ సంశయముతోనే పని మొదలుపెట్టెను. చందాదారుల ఆదరణము పత్రికలవారికందరికి తెలిసినదే. ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చెను. అయినను పేరు మారి, రూపము మారి ఆ పత్రిక పదునారు సంవత్సరములు నడచెను. అమెరికా రాజ్యాంగము బానిసత్వమునకు అనుకూలమను గారిసను వాదమును 1851లో డగ్లసు విడిచెను. అందువలన గురుశిష్యులకు వైరము పుట్టి చాలకాలము మాటలు లేకపోయెను. యజమానిని విడుచుటకంటె గురువును విడుచుట కష్టతరము. ఈ రెండవ విడుదలకు ఏ పత్రమును లేదు.

1859వ సంవత్సరము మొదలుకొని స్వయంకృషిచే వృద్ధిలోనికి వచ్చినవారిని గూర్చి ఆతడొక యుపన్యాసమును యేబదిమారులకు పైగ నిచ్చెను. తలచుకొన్నంత మాత్రమున నేదియు కాదనియు, అదృష్టమునుగూర్చి వగచుటకంటె విడువని శ్రమయే మార్గమనియు అందు వాదించెను. అందులోనే, పూర్తిగ తన్నుతాను చేసికొన్న మనుష్యుడు లోకమున లేడనియు, ప్రతివాడును ముందువారికిని తోటివారికిని ఋణపడినవాడే యనియు మొదటనే యొప్పుకొనెను. నల్లవానికి న్యాయమైన అవకాశము చూపకుండ శ్రమింపుమని బోధించుట ధర్మము కాదని కూడ పలికెను. ఇంత తెలిసినవాడు తన యింటి ఋణమును మాత్రము తగినంతగ జెప్పలేదు. ఆతని గ్రంథములలో ఆనాకు దక్కినది కొద్ది పంక్తులు. భర్త ఇంగ్లండులో జయధ్వానముల నడుమ నుండగా ఆమె బూట్లు కుట్టి బిడ్డలను పోషించినది. రాచెస్టరు ఇంటికి చీకటిలో వచ్చిన పారిపోయిన బానిసలకు వండిపెట్టినది. ఆమెకు చదువు రాలేదు. మగని పుస్తకములు ఆమె చదువలేదు. ఈకలపరుపు సంగతి లోకమునకు చెప్పినది భర్త కాదు, కూతురు.

1861లో అంతర్యుద్ధము వచ్చెను. నల్లవారిని సైన్యమున చేర్చుకొనుడని డగ్లసు పట్టుబట్టి, ఒప్పుకొన్న పిమ్మట తన కుమారులనే ముందు పంపెను. తెల్ల సిపాయికి నెలకు 13 డాలరులు, నల్ల సిపాయికి 10, అందులో బట్టలకు 3 కోత. దీనిని గూర్చి అడుగుటకు 1863 ఆగస్టులో పిలుపులేకయే అధ్యక్షుడు లింకనును చూడబోయెను. సమాధానము పూర్తిగ తృప్తి నీయలేదు. మనిషి తృప్తి నిచ్చెను. 1865 మార్చిలో రెండవ పట్టాభిషేకోత్సవము నాటి రాత్రి శ్వేతభవనపు ద్వారమున పోలీసులు ఆతనిని ఆపిరి. లోపలికి కబురు పోగానే లింకను ఎదురువచ్చి అందరు వినునట్లు మిత్రుడని సంబోధించెను. ఆ యేడాదియే బానిసత్వము అమెరికా రాజ్యాంగము చేతనే నిషిద్ధమైనది. దాని ప్రతిధ్వని మన దేశమునకును వచ్చినది. 1873లో జోతీరావు ఫూలే తన గులాంగిరీ గ్రంథమును అమెరికా ప్రజలకే అంకితమిచ్చెను.

డగ్లసుకు ఛాయాచిత్రములనిన ప్రీతి. నేడు దొరకుచున్నవి నూటయరువది వరకు కలవు. 19వ శతాబ్దపు అమెరికనులలో ఇన్ని చిత్రములు తీయించుకొన్నవాడు వేరొకడు లేడందురు. ఒక్కదానియందును పల్లికిలించి నవ్వడు. నవ్వుచు గంతులువేయు బానిసల బొమ్మలను చూచుటకు తెల్లలోకము అలవాటుపడియున్నది. ఆ బొమ్మ మీద తన బొమ్మను పెట్టుట ఆతని యుద్దేశము.

ఆత్మవిశ్వాసము ఆతనిని మోసగించిన ఘట్టమును కలదు. 1874లో విముక్త బానిసల పొదుపుబ్యాంకు మునుగుచుండగా, తన పేరు చూచి జనులకు నమ్మిక కలుగునని అధ్యక్షపదవి స్వీకరించి, సొంతసొమ్ము పదివేల డాలరులు అప్పుగ నిచ్చెను. లెక్కలు చూచునప్పటికి లోపల నేమియు లేదు. కొద్ది మాసములలో బ్యాంకు మూతపడి వేలకొలది పేదల సొమ్ము చిక్కుకొనెను. అపనింద కొంత ఆతని తలపై బడెను. తరువాత ప్రభుత్వ పదవులు వచ్చినవి. 1882లో ఆనా మరణించెను. 1884లో హెలెను పిట్సు అను తెల్లస్త్రీని పెండ్లాడగా ఇరుజాతులవారును, సొంతబిడ్డలును కినిసిరి. ఆతడు లెక్కచేయలేదు.

ఈ జీవితమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము 1877వ సంవత్సరపు వేసవిలో జరిగెను. అప్పుడు డగ్లసు వాషింగ్టను రాజధానికి మార్షలు పదవిలోనున్న గొప్ప యధికారి. మరణశయ్యపైనున్న థామసు ఆల్డు చూడగోరుచున్నాడని తెలిసి సెయింటు మైకేల్సునకు పోయెను. కోవీ చేతికి తన్నప్పగించినవాడు, నెత్తురు కారుచు వచ్చినప్పుడు వెనుకకు పంపినవాడు, ఎనుబదియేండ్ల ముదుసలియై పక్షవాతముతో చేతులు వణకుచు పడియుండెను. ఆల్డు ఆతనిని మార్షలు డగ్లసు అని గౌరవించి పిలిచెను. డగ్లసు వారించి, మీకు నేను మార్షలును కాను, పూర్వమువలె ఫ్రెడరికునే యనెను. ఇద్దరికిని కన్నీరు వచ్చి కొంతసేపు మాట రాలేదు. శత్రువు పాదములకడకు పోయెనని స్వజాతీయులలో కొందరు దూషించిరి. మాకు మాత్రము వేరుగ దోచును. పూర్వము ఆ పేరుతో తన్ను బానిసగ బిలిచినవాని యెదుట, ఆ పేరును తానే దానముగ నిచ్చినాడు. ఈయగలిగినవాడే ఈయగలడు.

ఆ దినముననే డగ్లసు తాను పుట్టినదెప్పుడని ఆల్డు నడిగెను. 1818 ఫిబ్రవరిలో అని ముదుసలి చెప్పెను. అంతవరకు 1817 అనుకొనుచుండిన డగ్లసుకు వ్రాతమూలమగు ఆధారము దొరకలేదు. తల్లి తన్ను ముద్దుగ బిలిచిన పిలుపు జ్ఞాపకముంచుకొని ఫిబ్రవరి 14వ తేదీని తానే జన్మదినముగ నెన్నుకొనెను. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టనులో స్త్రీల హక్కుల సభకు హాజరై, సాయంకాలము ఇంటికి వచ్చి భార్యకు ఆ సభావిశేషములు చెప్పుచుండగనే కూలి ప్రాణము విడిచెను. రాచెస్టరులో సమాధి చేసిరి. 1980వ సంవత్సరమున డిక్సను ప్రెస్టను అను పత్రికారచయిత ప్రకటించిన గ్రంథమువలన, తొలి యజమాని ఆరను ఆంథొనీ బానిసల పేళ్లు వ్రాసికొన్న లెక్కలపుస్తకము సంగతి లోకమునకు తెలిసినది. అందు హారియెటు కొడుకు ఫ్రెడరికు ఆగస్టసు పేరునకు ఎదురుగ 1818 ఫిబ్రవరి యని యున్నది, తేదీ లేదు.